యంత్రానికి సందర్భశుద్ధి నేర్పడం

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

"వాడికి సందర్భశుద్ధి లేదురా" అని మన పెద్దవాళ్ళు కొందరిని గురించి అంటూ వుంటారు. చావింటికి వెళ్ళి పెళ్ళి సంబంధాల కబుర్లు చెప్పేవాడు ఒకడు. పరీక్ష హాలులోకి పరుగెత్తేవాడిని ఆపి పాత బాకీ అడిగేవాడు మరొకడు. వాళ్ళ మాటల్లో అబద్ధం వుండదు, వ్యాకరణం తప్పు వుండదు. తప్పంతా చోటులోనూ, వేళలోనూ వుంటుంది.

మనం క్లాసులో రాసే కంప్యూటర్ ప్రోగ్రాములు చాలావరకు ఆ బాపతువే. ఇచ్చిన అంకెలు తీసుకుంటాయి, లెక్క చేస్తాయి, జవాబు చెపుతాయి. ఎవరు అడుగుతున్నారు, ఎక్కడినుంచి అడుగుతున్నారు, అడిగే వేళకు చుట్టూ ఏం జరుగుతున్నది అనేది వాటికి అక్కర్లేదు. ఐతే మన జేబులో వున్న ఫోన్ అలా లేదు. అడ్డంగా తిప్పితే బొమ్మ తనూ తిరుగుతుంది. మాట్లాడుతూ చెవికి ఆనిస్తే తెర ఆరిపోతుంది, బుగ్గ తగిలి మీటలు నొక్కుకోకుండా. చీకట్లో వెలుగు తగ్గించుకుంటుంది. ఇవి చిన్న చిన్న పనులే. కానీ ప్రతిదాని వెనుకా చుట్టుపక్కల చూసి ప్రవర్తన మార్చుకునే ప్రోగ్రాము ఒకటి వుంది. ఇటువంటివాటిని సందర్భం తెలిసిన అప్లికేషన్లు అనవచ్చు.

ఇవి ఎలా తయారవుతాయి, వాటిని ఒకే ముద్దగా గాక విడిభాగాలుగా ఎందుకు తయారు చెయ్యాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం. ఇందులో కొంత పుస్తకాల్లో చదివినది. కొంత మా మిరపచేలో నేను చేసిన తప్పువల్ల నేర్చుకున్నది. రెండవదే ఎక్కువ గుర్తుంది.

సందర్భం అంటే ఏమిటి?

ఈ మాటకు అర్థం చెప్పడానికి పరిశోధకులు చాలాకాలం తంటాలు పడ్డారు. కొందరు జాబితాలు ఇచ్చారు: చోటు, వేళ, వెలుతురు, మనుషులు. జాబితా ఎంత పొడుగైనా ఏదో ఒకటి మిగిలిపోతుంది. 2001 నాటికి అమెరికాలో అనింద్ డే అనే ఆయన జాబితా మానేసి మరోలా చెప్పాడు. ఆయన భావాన్ని నా మాటల్లో చెపుతాను: వాడే మనిషికీ, అప్లికేషనుకూ మధ్య జరుగుతున్న పనికి సంబంధించిన మనిషిగానీ, చోటుగానీ, వస్తువుగానీ ఏ స్థితిలో వున్నదో తెలుపగల సమాచారం ఏదైనా సందర్భమే.

ఇందులో కీలకం "పనికి సంబంధించిన" అనే మాట. మా చేలో గాలి ఎటు వీస్తున్నదీ అనేది మందు కొట్టే పనికి సందర్భం. ఎదురుగాలికి కొడితే మందు మన మొహం మీదే పడుతుంది. కాలువల్లో నీళ్ళు పెట్టే పనికి అదే గాలితో అంత అవసరం లేదు. కాబట్టి సెన్సార్లు కొనకముందే "నేను చెయ్యబోయే పనికి ఏ సంగతులు తెలియాలి?" అని కాగితం మీద రాసుకోవాలి. నేను ఆ పని చెయ్యలేదు. దొరికిన సెన్సార్లన్నీ కొన్నాను.

కొంచెం చరిత్ర

1991లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో పనిచేస్తున్న మార్క్ వైజర్, ఇరవై ఒకటవ శతాబ్దపు కంప్యూటర్ ఎలా వుంటుందో చెపుతూ ఒక వ్యాసం రాశాడు. కంప్యూటర్లు మన పరిసరాల్లో కలిసిపోయి, అవి వున్నాయన్న స్పృహ కూడా లేకుండా వాడుకునే రోజు వస్తుందన్నది దాని సారాంశం.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనాలయంవారు దాదాపు అదే కాలంలో యాక్టివ్ బ్యాడ్జి అనేదాన్ని చేశారు. రాయ్ వాంట్, ఆండీ హాపర్ తదితరులు 1992లో దాని వివరాలు ప్రకటించారు. ఉద్యోగి చొక్కాకు తగిలించుకునే ఆ బిళ్ళ, సుమారు 15 సెకన్లకు ఒకసారి తన గుర్తును ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పంపుతుంది. గదుల్లోని గ్రాహకాలు దాన్ని పట్టుకుంటాయి. ఎవరు ఏ గదిలో వున్నారో తెలుస్తుంది కాబట్టి, వారికి వచ్చిన టెలిఫోన్ ఆ గదికే పంపవచ్చు.

ఇక్కడ పాఠకులు ఒక చిన్న సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఆ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి మనిషి టీకి పోతే? వ్యవస్థ లెక్కలో మనిషి బల్ల దగ్గరే వుంటాడు. వ్యవస్థకు తెలిసేది బిళ్ళ ఎక్కడుందో మాత్రమే, మనిషి ఎక్కడున్నాడో కాదు. మా చేలో నా కొంప ముంచింది సరిగ్గా ఇదే. ముందుకు వెళ్ళాక చెపుతాను.

1994లో బిల్ షిలిట్, నార్మన్ ఆడమ్స్, రాయ్ వాంట్ కలిసి సందర్భం తెలిసిన అప్లికేషన్లు అనే విషయం మీదనే ఒక పత్రం సమర్పించారు. నువ్వు ఎక్కడున్నావు, ఎవరితో వున్నావు, దగ్గరలో ఏ వనరులున్నాయి అన్న మూడూ ముఖ్యమని అందులో చెప్పారు. తరువాత 1999లో జార్జియా టెక్‌లో డేనియల్ సాల్బర్, అనింద్ డే, గ్రెగరీ అబౌడ్ "కాంటెక్స్ట్ టూల్‌కిట్" అనే పనిముట్ల పెట్టెను ప్రకటించారు. విడిభాగాల ఆలోచన ఈ రంగంలోకి స్పష్టంగా వచ్చింది అక్కడే.

విడిభాగాల సంగతి

మా తాతగారి నాగలి ఇప్పటికీ మా పశువుల కొట్టంలో వుంది. కర్రు అరిగితే కమ్మరి దగ్గరకు పోయి కొత్తది వేయించేవారుట. కాడి విరిగితే వడ్రంగి దగ్గరకు. కర్రు మార్చినందుకు కాడి మార్చాల్సిన పని లేదు. కమ్మరికి వడ్రంగం రానక్కర్లేదు. రెండు భాగాలు కలిసేచోట కొలత ఒకటే వుంటే చాలు.

సాఫ్ట్‌వేరులో ఈ మాటను 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సమావేశంలో డగ్ మెకిల్‌రాయ్ గట్టిగా చెప్పాడు. మిగతా పరిశ్రమల్లోలాగా ప్రోగ్రాములకు కూడా తయారు భాగాలు వుండాలి అన్నాడు. ఐతే ప్రోగ్రామును ఎక్కడ కోసి భాగాలు చెయ్యాలి? 1972లో డేవిడ్ పార్నాస్ రాసిన పత్రం దీనికి జవాబు ఇచ్చింది. చాలామంది పని జరిగే వరసను బట్టి కోస్తారు: మొదట చదవడం, తరువాత లెక్క, తరువాత అచ్చు. పార్నాస్ అలా వద్దన్నాడు. రేపు మారడానికి అవకాశమున్న నిర్ణయాలు ఏవో చూసి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క భాగంలో దాచిపెట్టమన్నాడు. అప్పుడు ఆ నిర్ణయం మారితే ఆ ఒక్క భాగమే మారుతుంది.

సందర్భం విషయంలో ఇది మరీ అవసరం. సెన్సార్లు పాడవుతాయి, కొత్త రకాలు వస్తాయి, పైరు మారుతుంది, కరెంటు వేళలు మారుతాయి. మారనిదంటూ వుంటే అది రైతు అవసరం ఒక్కటే.

మా చేలో మొదటి ప్రయత్నం

నేను హైస్కూల్లో చదివేటప్పుడు మా ఫీడరుకు త్రీఫేజు కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి వచ్చేది. రాత్రి వంతు వారంలో నాన్న ఒంటిగంటకు లేచి, టార్చిలైటూ కర్రా పట్టుకుని చేనికి పోయేవాడు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కున్న చప్పుడు వినిపించేదాకా అమ్మ పడుకునేది కాదు. తడి గట్టు మీద పాములు, తడి చేతులతో స్టార్టరు పెట్టె. రెండింటి వల్లా ప్రాణాలు పోయినవాళ్ళు మా చుట్టుపక్కల వూళ్ళలోనే వున్నారు.

కొన్నాళ్ళకు నాన్న ఆటో స్టార్టరు పెట్టించాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. చూడబోతే ఇదీ సందర్భం తెలిసిన యంత్రమే. కానీ దానికి తెలిసిన సందర్భం ఒక్కటే: కరెంటు వచ్చింది. చేను తడిసి వున్నా, వాన పడుతున్నా అది తోడుతూనే వుంటుంది. పైగా కరెంటు రాగానే వూళ్ళోని మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు పడుతుంది. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసివెయ్యమని అక్కడి ప్రభుత్వం రైతులను కోరింది. రోజంతా తోడితే భూగర్భజలం అడుగంటుతుందన్న భయంతో.

రెండవ సంవత్సరం దసరా సెలవుల్లో నేను ఈ ఆటో స్టార్టరుకు కాస్త బుద్ధి పెడదామనుకున్నాను. మట్టిలో తేమ కొలిచే సెన్సారు ఒకటి, ఈఎస్‌పీ-32 అనే చిన్న మైక్రోకంట్రోలరు, ఒక రిలే. స్టార్టరులో వైరింగు మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేశాడు. ప్రోగ్రాము మూడువందల లైన్లు, అంతా ఒకే ముద్ద. అందులో సెన్సారు చదవడం, లెక్క, నిర్ణయం, రిలే, ఫోన్‌కు కబురు అన్నీ కలిసి వున్నాయి. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. నేను కాలేజీకి వచ్చేశాను. నాన్న పక్కచేను బాబాయితో "మావాడు పెట్టాడు, ఇక రాత్రి లేవక్కర్లా" అని చెప్పుకున్నాడట.

పది రోజులకు కలుపు తీయించారు. కలుపు తీసే ఆమె కాలికి సెన్సారు అడ్డం వచ్చింది. పాపం, పాడవుతుందేమోనని జాగ్రత్తగా పీకి గట్టు మీద పెట్టింది. ఆ రాత్రి కరెంటు వచ్చింది. గట్టు మీద గాలిలో వున్న సెన్సారు "ఎండిపోయింది" అంది. ప్రోగ్రాము మోటారు వేసింది. ఎంత తోడినా గాలికి తేమ రాదు కదా! కరెంటు పోయేదాకా ఆరు గంటలు నీళ్ళు పారాయి. తెల్లవారి నాన్న పోయేసరికి పల్లపు సాళ్ళు చెరువులాగా వున్నాయి. మిరపకు నీళ్ళు నిలిస్తే వేరుకు గాలి ఆడదు. నాలుగైదు రోజుల్లో ఆ సాళ్ళన్నీ వాడిపోయాయి. అర ఎకరం పోయింది.

ఫోన్లో నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. "దానిదేం తప్పురా, నువ్వు చెప్పిందే చేసింది" అన్నాడు. ఆ తరువాత వారం నుంచి మళ్ళీ రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని తానే పోవడం మొదలుపెట్టాడని అమ్మ చెప్పింది. తిడితే బాగుండుననిపించింది.

రెండవసారి: ఐదు భాగాలు

సంక్రాంతికి ఇంటికి పోయి, కాగితం పెన్సిలు తీసుకుని మొదటినుంచి ఆలోచించాను. కాంటెక్స్ట్ టూల్‌కిట్‌లో చెప్పిన పద్ధతిలోనే పనిని భాగాలుగా విడదీశాను. వాటికి నేను పెట్టుకున్న తెలుగు పేర్లు ఇవి.

ఒకటి, పసిగట్టే భాగం (విడ్జెట్). సెన్సారుతో మాట్లాడేది ఇది ఒక్కటే. ఏ కంపెనీ సెన్సారు, ఏ పిన్ను, ఎన్నిసార్లు చదవాలి అన్న గొడవంతా దీని లోపలే దాగి వుంటుంది. బయటికి ఒక విలువ, అది కొలిచిన వేళ మాత్రం ఇస్తుంది. మొదట నేను వాడిన సెన్సారు మట్టిలో కరెంటు పారించి నిరోధం కొలిచేది. ఎడతెగకుండా డి.సి. కరెంటు పెడితే విద్యుద్విశ్లేషణ వల్ల దాని కడ్డీలు తినుకుపోతాయి. అందుకని తరువాత కెపాసిటివ్ రకానికి మారాను. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం సుమారు 80, గాలిది 1, ఎండు మట్టిది ఐదు లోపు. అందువల్ల తేమ పెరిగితే కెపాసిటెన్సు పెరుగుతుంది. మనం మొదటి సంవత్సరంలో బట్టీపట్టిన సంగతే ఇది. మొదటి ప్రోగ్రాములో సెన్సారు మార్చేసరికి పదకొండు చోట్ల దిద్దాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక్కచోట.

రెండు, అర్థం చెప్పే భాగం (ఇంటర్‌ప్రెటర్). ఈఎస్‌పీ-32 వోల్టేజిని 0 నుంచి 4095 దాకా అంకెగా ఇస్తుంది. నా దగ్గరున్న సెన్సారు గాలిలో 2850 దగ్గర, నీళ్ళలో ముంచితే 1400 దగ్గర చూపింది. అంటే తేమ పెరిగితే అంకె తగ్గుతుంది. ఈ రెంటి మధ్య దూరం 1450. ఒకనాడు చేలో 2357 వచ్చిందనుకోండి. 2850 నుంచి 2357 తీసివేస్తే 493. దాన్ని 1450తో భాగించి వందతో గుణిస్తే 34. ఇది ఆ సెన్సారు కొలబద్ద మీద నూటికి 34, అంతేగాని మట్టిలో నూటికి 34 పాళ్ళు నీళ్ళున్నాయని కాదు. అసలు సంగతి తెలియాలంటే మట్టిని తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి మళ్ళీ తూచాలి. మా ఫిజిక్సు మాస్టారు దయవల్ల ల్యాబు ఓవెన్‌లో మా నల్లరేగడి మట్టిని ఆరు డబ్బాల్లో అలా ఆరబెట్టి సరిచూసుకున్నాను.

మూడు, పోగుచేసే భాగం (ఆగ్రిగేటర్). ఒక చేనుకు సంబంధించిన సంగతులన్నీ ఒకచోట చేరుస్తుంది: తేమ, వాన, త్రీఫేజు కరెంటు వుందా లేదా, మోటారు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటున్నది. చివరిది ఎందుకంటే, బోరులో నీళ్ళు లేక మోటారు వట్టిగా తిరిగితే బరువు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి. ఈ భాగాన్ని అడిగితే "చేను ఎలా వుంది?" అన్నదానికి ఒక్క జవాబు వస్తుంది.

నాలుగు, పనిచేసే భాగం (సర్వీసు). దీనికి తెలిసినవి రెండే మాటలు: వెయ్యి, ఆపు. స్టార్టు మీటకు సమాంతరంగా ఒక రిలే, స్టాపు మీటకు వరసలో ఇంకొకటి. కనుక చేతితో నొక్కే మీటలు ఎప్పటిలాగే పనిచేస్తాయి. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలేను మేం ముట్టుకోలేదు. దాని పని అది చేసుకుంటుంది.

ఐదు, చిరునామా చెప్పే భాగం (డిస్కవరర్). ఏ భాగాలు ఇప్పుడు పనిలో వున్నాయో దీని దగ్గర పట్టీ వుంటుంది. మా చిన్న ఏర్పాటుకు ఇది ఒక జాబితా ఫైలు మాత్రమే. పది చేలకు పెట్టేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

వీటన్నిటిపైన వుండే అసలు అప్లికేషను ఇప్పుడు నలభై లైన్లు. కరెంటు వుండి, వాన లేక, తేమ 30 కన్న తక్కువైతే మోటారు వెయ్యి. తేమ 60 దాటినా, రెండు గంటలు దాటినా ఆపు. 30, 60 అని రెండు అంకెలు ఎందుకంటే, ఒకటే అంకె పెడితే దాని చుట్టూ తేమ వూగినప్పుడల్లా మోటారు పడుతూ లేస్తూ వుంటుంది. మోటారు లేచేటప్పుడు మామూలుకంటే అనేక రెట్లు కరెంటు లాగుతుంది. పదే పదే లేస్తే వైండింగు వేడెక్కి కాలిపోతుంది. ఈ అంకెలు మా మట్టికీ, మా సెన్సారుకూ సరిపోయినవి. మరొకరు అలాగే దించుకుంటే నాలాగే నష్టపోతారు.

భాగాల మధ్య కబుర్లు

భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎం.క్యు.టి.టి. అనే పద్ధతి వాడాను. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని చేశారు. చమురు గొట్టాల స్థితిగతులను ఉపగ్రహం ద్వారా తక్కువ ఖర్చుతో తెలుసుకోవడానికి పుట్టినది. నడుమ ఒక బ్రోకరు వుంటాడు. సంగతి తెలిసినవాడు ఫలానా శీర్షిక కింద బ్రోకరుకు చెపుతాడు. ఆ శీర్షిక కావలసినవాళ్ళకు బ్రోకరు అందజేస్తాడు. చెప్పినవాడికి విన్నవాడెవరో తెలియనక్కర్లేదు. మా వూరి పాలకేంద్రం కూడా ఇంతే. పాలు పోసినవాళ్ళకు ఎవరింట్లో కాఫీ కాచారో తెలియదు.

మా మోటారు షెడ్డులో అరచేతంత కంప్యూటరు ఒకటి బ్యాటరీ మీద నడుస్తూ బ్రోకరు పని చేస్తుంది. వైఫై కూడా అదే ఇస్తుంది. నిర్ణయాలన్నీ షెడ్డులోనే జరుగుతాయి. ఇంటర్నెట్ పోతే నాన్న ఫోన్‌కు కబురు ఆలస్యమవుతుంది, అంతేగాని చేను పని ఆగదు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చినది "వీలునామా". ప్రతి భాగమూ బ్రోకరుతో పరిచయం చేసుకునేటప్పుడే, "నేను చెప్పాపెట్టకుండా పోతే ఈ మాట అందరికీ చెప్పు" అని ఒక మాట రాసి ఇవ్వవచ్చు. సెన్సారు భాగం బ్యాటరీ అయిపోయి ఆగిపోతే, బ్రోకరు దాని వీలునామా చదివి వినిపిస్తాడు: "తేమ సంగతి ఇక తెలియదు."

"తెలియదు" అనే జవాబు

నా మొదటి ప్రోగ్రాము చేసిన తప్పు లెక్కలో కాదు. దానికి "తెలియదు" అనే మాట రాదు, అదీ తప్పు. తడిగా వుందా, పొడిగా వుందా అని రెండే గదులు కట్టాను. గట్టు మీద పడుకున్న సెన్సారు ఏదో ఒక గదిలో దూరాలి కాబట్టి పొడి గదిలో దూరింది. కేంబ్రిడ్జిలో బల్ల మీద పెట్టిన బిళ్ళ కథే ఇది. సెన్సారు చెప్పింది నిజమే, తన చుట్టూ తేమ లేదు. ఐతే తన చుట్టూ వున్నది చేను కాదు.

అందుకని ఇప్పుడు ప్రతి విలువతోబాటు మూడు సంగతులు ప్రయాణం చేస్తాయి: ఎప్పుడు కొలిచారు, ఎవరు కొలిచారు, నమ్మవచ్చునా. నమ్మకూడని సందర్భాలు నాలుగు పెట్టుకున్నాను. మొదటిది, అంకె 2800 దాటితే అది మట్టి కాదు, గాలి. నల్లరేగడి ఎండి నెర్రెలు విచ్చినా సెన్సారు చుట్టూ గాలి చేరుతుంది. అప్పుడూ అంతే. రెండవది, కొలిచి అరగంట దాటితే అది పాత కబురు. మూడవది, చేలో వేర్వేరు సాళ్ళలో పెట్టిన రెండు సెన్సార్లు బొత్తిగా పొసగని మాటలు చెపితే రెంటినీ నమ్మకూడదు. నాలుగవది, మోటారు వేసి నలభై నిమిషాలైనా తేమ కదలకపోతే, నీళ్ళైనా చేరడం లేదు, సెన్సారైనా చోట లేదు. ఈ నాలుగింట్లో ఏది జరిగినా జవాబు "తెలియదు". తెలియనప్పుడు మోటారు వెయ్యదు, తిరుగుతుంటే ఆపుతుంది, నాన్నకు ఫోన్ చేస్తుంది. ఒక పూట నీళ్ళు ఆలస్యమైతే మిరప తట్టుకుంటుంది. ఒక రాత్రి మునిగితే తట్టుకోలేదు. ఏ వైపు తప్పు చేస్తే తక్కువ నష్టమో నిర్ణయించవలసినది ప్రోగ్రామరు కాదు, ఆ పని తెలిసినవాడు. ఇది నాన్నను అడిగి రాసుకున్నాను.

చేను లేకుండా పరీక్షించడం

భాగాలుగా విడదీసినందువల్ల అనుకోని లాభం ఒకటి కలిగింది. హాస్టలు గదిలో కూర్చుని చేను మొత్తం నడిపించవచ్చు. అసలు సెన్సారు స్థానంలో, ఫైలులోంచి అంకెలు చదివి చెప్పే దొంగ సెన్సారును పెట్టాను. పైనున్న భాగాలకు తేడా తెలియదు. మోటారు స్థానంలో బల్ల మీద ఒక ఎర్ర బల్బు. మునిగిన ఆ రాత్రి అంకెలు నా దగ్గర భద్రంగా వున్నాయి. కొత్త ప్రోగ్రాము చేత ఆ రాత్రిని మళ్ళీ గడిపించాను. బల్బు వెలగలేదు. "తేమ తెలియదు, మోటారు వెయ్యలేదు" అని ఒక లైను వచ్చింది. మా గదిలోవాళ్ళకు అర్థం కాలేదుగాని నేను ఆ పూట భోజనానికి వెళ్ళడం కూడా మరిచిపోయాను.

నాన్న అడిగిన ప్రశ్న

వేసవిలో నాన్నకు చూపించినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఇది ఎట్లా పనిచేస్తుంది?" అని కాదు. "ఎందుకు వేసిందో నాకు చెపుతుందా?" అని.

నేను తెల్లమొహం వేశాను. తరువాత చదివితే తెలిసింది, 2001లో విక్టోరియా బెలొట్టి, కీత్ ఎడ్వర్డ్స్ అనేవారు సరిగ్గా దీని మీదనే రాశారని. సందర్భాన్ని చూసి తనంతట తానే పనిచేసే వ్యవస్థ తనకేం తెలుసో, ఎలా తెలిసిందో, ఏం చేస్తున్నదో మనిషికి చెప్పగలగాలని వారి వాదం. మనుషుల ఉద్దేశాలు సెన్సార్లకు అందవు కాబట్టి చివరి మాట మనిషి చేతిలో వుండాలి. మా నాన్న ఆ పత్రం చదవలేదు. ముప్పై ఏళ్ళు పాలేళ్ళతోనూ, కూలీలతోనూ పనిచేయించిన మనిషి కాబట్టి ఆయనకు తెలిసింది.

అందుకని మోటారు వేసినప్పుడల్లా, ఆపినప్పుడల్లా కారణం తెలుగులో ఒక వాక్యంగా ఫోన్‌కు వస్తుంది: "తేమ 27. వాన లేదు. కరెంటు 2.10కి వచ్చింది. మోటారు వేశాను." భాగాలు విడివిడిగా వుండి ఒక్కొక్కటి తన సంగతి తాను చెప్పగలదు కాబట్టి ఈ వాక్యం కూర్చడం తేలికైంది. పాత ముద్దలో ఐతే అది సాధ్యమయ్యేది కాదు.

సందర్భం పోగుచేసేటప్పుడు మర్యాద కూడా వుండాలి. నాన్న ఫోన్ ఎక్కడుందో చూసి, ఆయన చేలో వుంటే మోటారు తనంతట లేవకుండా చెయ్యాలనుకున్నాను. మంచి ఉద్దేశమే. కానీ "నేను ఎక్కడ తిరిగేదీ పెట్టెలో రాసుకుంటుందా?" అన్నాడు. మానేశాను. దాని బదులు షెడ్డులో ఒక మామూలు స్విచ్చి పెట్టాము. చేలో దిగేముందు దాన్ని కిందికి వేస్తే యంత్రం నోరు మూసుకుంటుంది. పనికి అవసరమైనంతవరకే అడగడం కూడా సందర్భశుద్ధిలో భాగమే.

మొదలుపెట్టదలచినవారికి

మన జూనియర్లలో ఎవరికైనా ఆసక్తి వుంటే నాలుగు మాటలు చెపుతాను. చేనే అక్కర్లేదు. హాస్టలు నీళ్ళ ట్యాంకు, లైబ్రరీలో ఖాళీ కుర్చీలు, ల్యాబులో ఆర్పడం మరిచిన ఫ్యాన్లు, ఏదైనా చాలు. మొదట పని ఎంచుకుని, దానికి తెలియవలసిన సంగతులు రాసుకోండి. సెన్సారు ఆ తరువాతే కొనండి. ఒక్క సెన్సారుతో, ఒక్క భాగంతో మొదలుపెట్టండి. దొంగ సెన్సారు ముందు రాయండి, అసలుది తరువాత. ఈఎస్‌పీ-32 వాడేవారు, వైఫై నడిచేటప్పుడు దాని రెండవ ఎ.డి.సి. పిన్నులు పనికిరావని గుర్తుంచుకోండి. నాకు రెండు రాత్రులు పట్టింది ఆ సంగతి తెలుసుకోవడానికి. ఇంటి కరెంటు జోలికీ, త్రీఫేజు జోలికీ మీరు స్వయంగా పోకండి. అన్నిటికన్న ముందు "తెలియదు" అన్న జవాబుకు చోటు పెట్టండి.

ఈ ఏడు దసరా నుంచి కొత్త ఏర్పాటు మా చేలో నడుస్తున్నది. రెండుసార్లు "తెలియదు" అంది. ఒకసారి ఎలుక తీగ కొరికింది, ఒకసారి మళ్ళీ కలుపు తీసేటప్పుడు సెన్సారు గట్టు ఎక్కింది. రెండుసార్లూ మోటారు లేవలేదు. నాన్న పొద్దున్నే పోయి సరిచేసుకున్నాడు.

దాన్ని ఆయన పూర్తిగా నమ్మాడా అంటే చెప్పలేను. ఇప్పటికీ తెల్లవారి చేనికి పోయి, ఆకు మెత్తబడిందేమో చూసి, మట్టి పిడికిట పట్టి నలిపి, ఆ తరువాతే ఫోన్‌లో వాక్యం చదువుతాడు. రెండూ ఒకటైతే తల పంకిస్తాడట. ఐతే రాత్రి ఒంటిగంటకు లేవడం మాత్రం మానేశాడు. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు అమ్మ చెప్పింది, ఈ మధ్య తనకూ బాగా నిద్ర పడుతున్నదని.